మా ఇంటి మోదుగ... మోదుగ కాదు!

కిందటి వేసవిలో మేడ మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. సాయంత్రం తీద్దామని వెళితే ప్రతి వడియం మీదా ఏదో పల్చటి పొర అంటుకుని ఉంది. మొదట ఉల్లిపొర ఎగిరొచ్చిందేమో అనుకున్నాను. గోటితో గీకి చూద్దును కదా, మధ్యలో గుండె ఆకారంలో చిన్న గింజ, దాని చుట్టూ గాజు కాగితం లాంటి రెక్క! ఒకటీ రెండూ కాదు, పరిచిన పాత చీర నిండా అవే. ఉప్పూ కారం చక్కగా కుదిరిన వడియాలు... ఏరలేక సగం పారబోశాను.

"ఏం గింజలమ్మా ఇవి?" అంది తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాప.

"ఏం గింజలేంది బిడ్డా, మన మోదుగవే" అంది అత్తమ్మ, మెట్ల మీద కూర్చుని పెసలు చెరుగుతూ.

నా చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు మా ఊరి చెరువు దారిలో మోదుగ చెట్లుండేవి. వాటి కాయ చదునుగా, నూగు నూగుగా, చివర ఒకే ఒక్క గింజతో ఉండేది. గింజ కూడా రూపాయి బిళ్ళలా పలకగా ఉండేది. దానికి రెక్కలెప్పుడొచ్చాయి?

ఇక్కడ నా సంగతి ఒప్పుకోవాలి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్ళు. వచ్చిన రోజునే "గేటు పక్కన ఉన్నది మోదుగ చెట్టు" అని చెప్పారు. సరేననుకున్నాను. ఆ నీడన స్కూటర్ పెట్టాను, ఆ కొమ్మకు పాపకు ఉయ్యాల కట్టాను, రాలిన పూలు రోజూ ఊడ్చాను. కానీ ఒక్కసారైనా తలెత్తి ఆకు ఎలా ఉందో చూశానా? లేదు! కథలు రాస్తాననే పేరొకటి నాకు. చెట్టు కింద కూర్చుని మనుషుల గురించి రాశానే గానీ చెట్టును చూడలేదు.

పన్నెండు రూపాయల మొక్క

హనుమకొండలో ఈ ఇల్లు 1998లో కట్టారు. మా మామయ్య లెక్కల మాస్టారు. పుట్టి పెరిగిందంతా పట్నంలోనే. అత్తమ్మది అడవి అంచు పల్లె. మాఘం పోయి ఫాల్గుణం వచ్చిందంటే ఊరి చుట్టూ నిప్పంటుకున్నట్టు మోదుగలు పూసేవట. ఆ ఆకులు కోసుకొచ్చి ఇస్తార్లు కుట్టడం, కామునిపున్నమికి ఆ పూలు ఉడకబెట్టి రంగు తీయడం ఆమె చెబుతుంటే వినాలి. పట్నానికొచ్చాక ఆమెకు అన్నీ దొరికాయి గానీ మోదుగ దొరకలేదు. గృహప్రవేశమైన నెలకే మామయ్య ఒక మొక్క తెచ్చి "ఇగో, నీ మోదుగ" అని గేటు పక్కన పాతారు. ఆయన పైసా పైసా రాసుకునే ఖాతా పుస్తకంలో ఆ లెక్క ఇప్పటికీ ఉంది. ‘మోదుగ మొక్క - 12 రూ.’

మామయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచీ అత్తమ్మ పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు ఆ చెట్టు మొదట్లో పోయనిదే చాయ్ తాగదు. అంత మానుకు ఆ చెంబుడు నీళ్ళు ఏ మూలకని మేమెవ్వరం అనం.

ఇప్పుడా చెట్టు మూడంతస్తుల ఎత్తు. అసలు గొడవ అక్కడే మొదలైంది. వైశాఖంలో ఒక రాత్రి గాలిదుమారం వచ్చి పెద్ద కొమ్మ ఒకటి ఫెళ్ళున విరిగి పక్కింటి రేకుల షెడ్డు మీద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పక్కింటాయన మర్నాడే మా వారిని పిలిచాడు. "తమ్మీ, చెట్టు మీదే గానీ కొమ్మ నా నెత్తి మీదున్నది. కొట్టించరాదు?" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది? వాళ్ళింట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

"మోదుగ కర్ర అంత తేలిగ్గా విరుగుద్దా?" అని మా వారికి సందేహం. "కొట్టించేద్దామా?" అని నన్ను చాటుగా అడిగారు. ఆ చాటు మాట ఎలా విందో ఏమో, అత్తమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నేనుండంగ ఆ చెట్టును ముట్టొద్దు" అని ఒక్క మాట అంది. అంతే, ఇక ఇంట్లో ఆ ఊసు ఎత్తినవాళ్ళు లేరు.

ఎర్రపూల చెట్లన్నీ ఒకటేనా?

సరిగ్గా అప్పుడే మా పాపకు బడి తెరవగానే ప్రాజెక్టు ఇచ్చారు. ‘మీ వీధిలోని పది చెట్లు - వాటి ఆకు, పువ్వు, కాయ, గింజ’. మొదటి చెట్టు మా గేటు దగ్గరదే. పాప పుస్తకంలో ‘మోదుగ’ అని రాసి, ఆకు అతికించబోయి ఆగింది. "అమ్మా, మోదుగకు ఒక కాడకు మూడే ఆకులుంటాయని పుస్తకంలో ఉంది. దీనికి పదమూడున్నాయి!"

అప్పుడు చూశాను. మూరెడు పొడవున్న కాడ. దానికి రెండు వైపులా జంటలు జంటలుగా కోలగా ఉన్న ఆకులు, చివర ఒంటరిగా ఒకటి. నరాలు బాగా లోపలికి దిగి స్పష్టంగా కనిపిస్తున్నాయి. మోదుగ కానే కాదు.

మరి ఏ చెట్టు? ఇద్దరం చాప వేసుకుని కూర్చున్నాం. ఎర్రగా పూసే చెట్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో రాసుకున్నాం. మీరూ ఒకసారి గుర్తు చేసుకోండి.

మొదటిది తురాయి. గుల్‌మొహర్ అంటారే, అది. నడి ఎండల్లో చెట్టంతా ఎరుపు కమ్మేస్తుంది. ఆకు నెమలీక లాగా సన్నగా చీలికలు చీలికలుగా ఉంటుంది. పువ్వుకు ఐదు రేకలు, అందులో ఒకటి మాత్రం తెల్లటి చారలతో వేరుగా ఉంటుంది. పువ్వులోని కేసరాలు తీసి కోడిపందేలు ఆడని బాల్యం ఉంటుందా? కాయ కత్తిలా మూరెడు పొడవు, ఊపితే గలగలమంటుంది. గింజకు రెక్క లేదు. అది కాదు.

రెండోది బూరుగ. ఆకులు రాలిన కొమ్మల మీద దళసరి రేకల పూలు. లేత మాను నిండా ముళ్ళు. కాయ పగిలితే దూది. అదీ కాదు. మూడోది బాడిద. దానికి మోదుగలాగే మూడాకులే గానీ కొమ్మలకు ముళ్ళుంటాయి. అదీ కాదు. నాలుగోది అసలైన మోదుగ. ఆకు ఒక్కటి లేకుండా మోడైన కొమ్మల మీద చిలుక ముక్కుల్లాంటి పూలు పూస్తుంది. మా చెట్టేమో నిండా ఆకులుండగానే, ఆకుల పైన కిరీటం పెట్టినట్టు పూస్తుంది.

పదేళ్ళ కిందటి ముచ్చట ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. పాపకు రసాయనాల రంగులు వద్దని, హోలీకి మా చెట్టు పూలే ఉడకబెట్టాను. అత్తమ్మ చెప్పినట్టు నారింజ రంగు నీళ్ళు వస్తాయనుకుంటే మట్టి కలిపినట్టు ఏదో నీళ్ళొచ్చాయి. "పూలు తక్కువైనయేమో" అన్నాను. అత్తమ్మ నా మొహం చూసి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వులో ఏముందో అప్పుడు నాకు తట్టలేదు.

గింజ విప్పిన గుట్టు

పాప ఫోనులో చెట్లు గుర్తుపట్టే యాప్ ఉంది. ఆకు ఫొటో పెడితే ఒకటి కాదు, మూడు పేర్లు చెప్పింది. "చూశావా, దానికీ తెలీదు" అన్నాను. నిజానికి తప్పు యాప్‌ది కాదు. ఆకు ఒక్కటే చూసి చెట్టు పేరు చెప్పడం, చీర కొంగు ఒక్కటే చూసి ఏ ఊరి నేతో చెప్పడం లాంటిది. ఒక్కోసారి కుదురుతుంది, ఒక్కోసారి బోల్తా పడతాం.

మా వీధి చివర ఒక మేడం ఉంటారు. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. ఆమె దగ్గరికి వెళ్ళాం. ఆకు, ఎండిన కాయ, డబ్బాలో దాచిన గింజలు ముందు పెట్టాం. ఆమె ఆకు వంక చూడనైనా చూడలేదు. గింజను వేలి మీద పెట్టుకుని ఉఫ్ మని ఊదారు. అది గది దాటి వరండాలోకి పోయింది.

"రెక్క గింజకుందా, కాయకుందా? ముందు అది చూడాలమ్మా" అన్నారు.

ఈ మాట నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. రెక్కలున్న చెట్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి. మద్ది చెట్టు కాయకు ఐదు రెక్కలుంటాయి. వేగిస కాయ చుట్టూ గుండ్రంగా అంచులా రెక్క ఉంటుంది. నెమలినార కాయలు కాగితపు బిళ్ళల్లా గాలికి దొర్లుతుంటాయి. రోడ్ల పక్కన పసుపుపచ్చగా పూసే పచ్చ తురాయి శాస్త్రీయ నామం పెల్టోఫోరమ్ టెరోకార్పమ్. అందులో రెండో మాటకు అర్థమే ‘రెక్కల కాయ’. రాగి రంగులో ఉండే దాని కాయ అంచులు రెక్కల్లా పల్చగా ఉంటాయి. వీటన్నింటిలో రెక్క కాయది.

రెక్క గింజదే అయిన చెట్లు వేరు. వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కరలేదు, మన వంటింట్లోనే ఉంది... మునక్కాడ! ముదిరిన మునక్కాయ చీల్చితే గింజకు మూడు వైపులా తెల్లటి పొరల రెక్కలు కనిపిస్తాయి. తెల్లవారేసరికి వాకిట్లో పూలు పరిచే ఆకాశమల్లె గింజకూ పల్చటి రెక్కలే. మా చెట్టు ఆ ఆకాశమల్లెకు చుట్టమట. రెండూ ఒకే కుటుంబానివి, బిగ్నోనియేసి అంటారు.

"పువ్వు మొగ్గ పిండితే నీళ్ళు చిమ్ముతుందా?" అని అడిగారు మేడం.

పాప ఎగిరి గంతేసింది. "అవును మేడం! మేం పిచికారీలు ఆడతాం! గౌను మీద పడితే పసుపు మరక పోదు, అమ్మ తిడుతుంది."

"అయితే ఇక సందేహం లేదు. దీని పేరు స్పాతోడియా కాంపనులాటా. ఆఫ్రికన్ టులిప్ అంటారు."

కాంపనులాటా అంటే గంట ఆకారంలో ఉన్నదని అర్థమట. పువ్వు తలెత్తిన గిన్నెలా ఉంటుంది. నారింజ కలిసిన ఎరుపు, అంచున సన్నటి పసుపు గీర. కొమ్మ చివర గుత్తిలో మధ్యన గోధుమ రంగు మొగ్గలు కొమ్ముల్లా వంగి కిక్కిరిసి ఉంటాయి. బయటి వరస ముందు విచ్చుకుంటుంది, తర్వాత లోపలి వరస. ఆ మొగ్గల్లోనే నీళ్ళు. కాయ జానెడు పొడవు, రెండు చివరలా సూదిగా ఉండి, ఆకాశం వైపు నిలబడి ఉంటుంది. ఎండి ఒక పక్క చీలి అచ్చం పడవలా తెరుచుకుంటుంది. ఒక్కో కాయలో దాదాపు 500 గింజలు. నా వడియాల మీద వాలినవి అవే!

ఇంటికొచ్చి పాప మేడ మీద నుంచి ఒక చింతగింజ, ఒక రెక్కల గింజ ఒకేసారి వదిలింది. చింతగింజ ఠక్కున నేల మీద పడింది. రెక్కల గింజ తేలుతూ, పక్కకు జారుతూ, గోడ దాటి పక్కింటి పెరట్లో దిగింది. రెక్క చేసే పని అదే. గింజ నెమ్మదిగా కిందికి దిగేలా చేస్తుంది. ఆ ఆలస్యంలో గాలి దాన్ని తల్లి నీడ దాటించి పట్టుకుపోతుంది. తల్లి నీడలోనే ఉంటే ఎదగదు మరి.

మంచీ చెడూ

పేరు తెలిశాక మిగతావన్నీ చకచకా తెలిశాయి. దీని పుట్టిల్లు ఆఫ్రికా ఉష్ణమండలపు అడవులు. పూల అందం చూసి ప్రపంచమంతా తీసుకెళ్ళి తోటల్లో, రోడ్ల పక్కన నాటారు. తొందరగా పెరుగుతుంది, చిక్కటి నీడనిస్తుంది. పూలగిన్నెల్లో నీళ్ళూ తేనే తాగడానికి తేనెపిట్టలు, పికిలిపిట్టలు వస్తాయి. మా చెట్టు మీద కాకులు కూడా పూలలో ముక్కు ముంచడం నేనే చూశాను.

ఇక రెండో వైపు. దీని కర్ర మెత్తన. ముదిరిన కొమ్మలు పెద్దగాలికి ఆగవు. ‘మోదుగ కొమ్మ ఎందుకు విరిగింది’ అన్న మా వారి సందేహానికి జవాబు ఇదే. మెత్తన గనకే గువ్వలు తొలుచుకుని గూళ్ళు పెట్టుకుంటాయి. తొర్ర పడిన కొమ్మ ఇంకా తొందరగా విరుగుతుంది.

అంతేకాదు. వానలు ఎక్కువగా పడే దేశాల్లో ఇది విత్తనాలతోనూ వేరు పిలకలతోనూ పాకిపోయి అక్కడి సొంత చెట్లను ఎదగనివ్వదు. హవాయి, ఫిజీ దీవుల్లో అదే జరిగింది. పోర్టోరికోలో వదిలేసిన పొలాలను అడవిలా కమ్మేసింది. ప్రపంచంలో అతిగా చొరబడి హాని చేసే 100 జీవుల జాబితా ఒకటుంది. అందులో దీని పేరుంది. దీని పూలలో కొండి లేని చిన్న తేనెటీగలు చచ్చి పడి ఉండటం బ్రెజిల్‌లో పరిశోధకులు గమనించారు. అక్కడి శాంటా కాటరినా రాష్ట్రం 2019లో దీన్ని నాటడాన్నే నిషేధించింది. ఇది చదివి నేను వాకిట్లో రాలిన ఐదు పూలు విప్పి చూశాను. రెండింటిలో చిన్న చిన్న పురుగులు చచ్చి ఉన్నాయి. పదహారేళ్ళు ఊడ్చాను, ఏనాడూ విప్పి చూడలేదు!

పరాయి చెట్టు కాబట్టి చెడ్డదని మాత్రం అనకండి. అలా అయితే తురాయిది మడగాస్కర్. రోడ్ల మీద గొడుగులు పట్టే నిద్రగన్నేరుది అమెరికా ఖండం. అంతెందుకు, మన పప్పుచారులోని చింతపండు చెట్టు కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి మనదైపోయిందే. కోడలు ఏ ఊరిదైనా ఇంటిలో కలిసిపోయిందా, ఇంటినే కమ్మేసిందా అన్నదే చూడాలి!

మరి మామయ్యకు పొరపాటెలా జరిగింది? ఆ జవాబూ మేడం దగ్గరే దొరికింది. ఇంగ్లీషులో ‘ఫ్లేమ్ ఆఫ్ ద ఫారెస్ట్’ అంటే మన దేశంలో మోదుగ. ‘అడవి మంట’ అని అర్థం. అయితే అదే పేరుతో కొన్ని దేశాల్లో తురాయినీ, మరికొన్ని చోట్ల ఈ ఆఫ్రికా చెట్టునూ పిలుస్తారట. ఇంటికొచ్చి ఖాతా పుస్తకం మళ్ళీ తెరిచాను. ‘మోదుగ మొక్క’ అన్నదాని కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో అదే పేరు రాసి ఉంది! నర్సరీ అతను ఇంగ్లీషు పేరు చెప్పి ఉంటాడు. లెక్కల మాస్టారు ఏ నిఘంటువో చూసి, మోదుగే అని ధైర్యంగా కొని ఉంటారు. పాపం, లెక్క తప్పలేదు. పేరే తప్పింది.

ఎలా చెప్పాలి?

ఇప్పుడు నా కష్టం చూడండి. నిజం తెలిసింది. ఆ చెట్టు గాలికి విరిగే రకమనీ తెలిసింది. పక్కింట్లో పసిపిల్లలున్నారు. చెప్పకపోతే ప్రమాదం. చెబితే? భర్త ప్రేమగా తెచ్చాడని ఇరవై ఏడేళ్ళుగా నీళ్ళు పోస్తున్న మనిషి దగ్గరికెళ్ళి "అత్తమ్మా, ఇది మీ మోదుగ కాదు" అని ఏ నోటితో అనను?

వారం రోజులు నాన్చాను. పాప ప్రాజెక్టు పుస్తకం అత్తమ్మ కంట పడకుండా దాచాను. చివరికి ఒక పొద్దున ఆమె చెంబుతో నీళ్ళు పోస్తుంటే పక్కన నిలబడి, తడబడుతూ, గింజ దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేశాను.

ఆమె చెంబు బోర్లించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మోదుగకు మూడాకులని నాకు తెల్వదా పిల్లా? పదేండ్ల వయసుకెల్లి ఇస్తార్లు కుట్టిన చేతులు ఇవి. రెండో నెల చిగురు పెట్టంగనే తెలిసింది."

నాకు నోట మాట రాలేదు. "మరి... మామయ్యకు చెప్పలేదా?"

"ఎండల పడి సైకిల్ మీద తెచ్చిండు. ‘ఇగో, నీ మోదుగ’ అని ఎంత సంబురంగ చెప్పిండో నువ్వు చూడలే. కాదని ఎట్లంట? ఆయనకు గూడ తర్వాత ఎరికైందేమో. నేనడగలే, ఆయన చెప్పలే. ఇద్దరికీ అది మోదుగనే."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ నేను ఆమెను తెలియని మనిషి అనుకున్నాను. తెలియనిది నాకు! హోలీనాటి ఆ నవ్వుకు అర్థం ఇప్పుడు తెలిసింది.

తర్వాత ఆమే అడిగింది. "ఇరుగుతదంటివి గద. పక్కింటి పోరగాండ్ల మీద పడితే ఎట్ల? ఆయన పేరు మీద ఒక జీవి పోవద్దు. అటు దిక్కు కొమ్మలు కొట్టియ్యుండ్రి. మాను ఉండనియ్యుండ్రి. దాని సంగతి తర్వాత చూద్దాం."

మేం మూడు నెలలుగా మాట్లాడటానికి భయపడ్డ విషయం ఆమె మూడు మాటల్లో తేల్చేసింది. మన ఇంటి ఆవరణలో చెట్టయినా ఇష్టమొచ్చినట్టు నరకకూడదు, 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కొమ్మలే కదా అని ఊరుకోకుండా మా వారు అర్జీ పెట్టి, అడిగాకే పని మొదలుపెట్టించారు. తొర్ర పడిన కొమ్మ, పక్కింటి వైపు వాలిన రెండు కొమ్మలు తీయించాం. వాటిలో గూళ్ళు ఖాళీగా ఉన్నాయని నిచ్చెన వేసి మరీ చూసుకున్నాం. కొమ్మలు పడుతుంటే అత్తమ్మ లోపలే కూర్చుంది. పని అయ్యాక వచ్చి, కోసిన చోట పసుపు రాయించింది. పక్కింటాయన వాళ్ళ ఆవిడను పంపి అందరికీ చాయ్ ఇప్పించాడు.

మాను మాత్రం అలాగే ఉంది. ప్రతి ఏడూ వానలకు ముందు ఎవరినైనా పిలిచి చూపించాలని, అది పూర్తిగా బలహీనపడిన రోజున తీసేయాలని నిర్ణయించుకున్నాం. ఆ రోజు వస్తుందని అత్తమ్మకూ తెలుసు.

ఈమధ్య ఆమె పుట్టింటి ఊరి నుంచి ఎవరో వస్తుంటే నాలుగు మోదుగ గింజలు తెప్పించింది. పాప కుండీల్లో పెట్టింది. రెండు మొలిచాయి. అసలు మోదుగ నిదానంగా పెరుగుతుందట, పువ్వు చూడాలంటే ఏళ్ళు పడుతుందట. "నేను చూస్తనో లేదో" అంది అత్తమ్మ. వెంటనే "పిల్ల చూస్తది తియ్" అంది. పాప ప్రాజెక్టులో మొదటి పేజీకి రెండు పేర్లు రాసింది. పైన ‘స్పాతోడియా కాంపనులాటా’. కింద బ్రాకెట్లో ‘మా ఇంట్లో దీన్ని మోదుగ అంటారు’. టీచరు కొట్టేస్తుందనుకున్నా. కొట్టేయలేదు.

చెయ్యి పెట్టి పట్టుకుంటే చాలు, ఇది గద్వాల, ఇది పోచంపల్లి అని చెప్పగలం మనం. గిన్నెలో పోసిన పప్పు పాతదో కొత్తదో చూపుతోనే చెబుతాం. మరి రోజూ మన నెత్తిన నీడ పట్టే చెట్టు పేరు? ఒక్కసారి మీ గేటు దగ్గరికెళ్ళి తలెత్తి చూడండి. పేరు తెలిస్తే దాని బలం తెలుస్తుంది, బలహీనత తెలుస్తుంది. ఒక్కోసారి, ఇంట్లో మనుషులు మనసులో దాచుకున్నదీ తెలుస్తుంది!

చెట్టును గుర్తుపట్టండిలా...

* ఆకు ఒక్కటే చూసి తేల్చకండి. ఆకు, పువ్వు, కాయ, గింజ, బెరడు... కనీసం మూడైనా కలిస్తేనే పేరు ఖాయం చేయండి.

* ఒక కాడకు ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టండి. మూడైతే మోదుగ, బాడిద లాంటివి. ముళ్ళుంటే బాడిద. జంటలు జంటలుగా కోలాకులైతే ఆఫ్రికన్ టులిప్ కావచ్చు. సన్నటి చీలికలైతే తురాయి, పచ్చ తురాయి.

* పూసేటప్పుడు చెట్టుకు ఆకులున్నాయా, మోడుగా ఉందా చూడండి. మోదుగ, బూరుగ మోడుగా ఉండి పూస్తాయి.

* రెక్క కాయకుందా, గింజకుందా గమనించండి. మద్ది, వేగిస, నెమలినార, పచ్చ తురాయిలో కాయకు. మునగ, ఆకాశమల్లె, ఆఫ్రికన్ టులిప్‌లో గింజకు.

* కాయ కిందికి వేలాడుతోందా, పైకి నిలబడిందా? పైకి నిలబడి, ఎండాక పడవలా చీలితే ఆఫ్రికన్ టులిప్.

* మొక్క కొనేటప్పుడు ఇంగ్లీషు వాడుక పేరు ఒక్కటే నమ్మకండి. ఒకే పేరు నాలుగు చెట్లకు ఉంటుంది. శాస్త్రీయ నామం రాయించుకోండి.

* ఫోనులో వెతికితే వెతకండి గానీ, మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగడం మరిచిపోకండి. వాళ్ళకు తెలిసే ఉంటుంది.